వోల్టేర్ పేరు పెట్టుకున్న డాడా

1916 ఫిబ్రవరి 5న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో, ష్పీగెల్‌గాస్సె అనే ఇరుకు వీధిలో, ఓ చిన్న నాటకశాల తెరుచుకుంది. దాన్ని మొదలుపెట్టింది జర్మనీ వదిలి వచ్చిన రచయిత హ్యూగో బాల్, గాయని ఎమ్మీ హెన్నింగ్స్. పేరు కబరే వోల్టేర్. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. సరిగ్గా పదహారు రోజులకు ఫ్రాన్స్‌లో వెర్డన్ యుద్ధం మొదలైంది. పది నెలలు సాగిన ఆ యుద్ధంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు రెండు వైపులా కలిపి సుమారు 7 లక్షలు.

ఆ గదిలో పుట్టిందే డాడా అనే కళా ఉద్యమం. దాని గురించి రాసేవాళ్లు చాలామంది ‘హేతువును కాదన్న ఉద్యమం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకా మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. హేతువంటే గిట్టనివాళ్లు తమ గుమ్మం మీద, ఎన్‌లైటెన్‌మెంట్ కాలంలో హేతువు కోసం కలం పట్టిన ఫ్రెంచి రచయిత వోల్టేర్ పేరు ఎందుకు రాసుకుంటారు?

ఎన్‌లైటెన్‌మెంట్‌ను మనం జ్ఞానోదయం అంటున్నాం. ఆ మాట వినగానే మనకు బోధివృక్షం గుర్తొస్తుంది. 18వ శతాబ్దపు యూరప్ ఉద్దేశం అది కాదు. 1784లో జర్మన్ తత్వవేత్త కాంట్ రాసిన వ్యాసం సారం ఇది: ఎవరో పెద్దలు చెప్పారని తలాడించకు, నీ బుర్రతో ఆలోచించే ధైర్యం చెయ్యి. అది ఒక సగం. దానికి తోడుగా ఇంకో సగం బలపడింది. సైన్సు పెరిగితే, యంత్రాలు వస్తే మనిషి బాగుపడతాడు, చరిత్ర ముందుకే నడుస్తుంది అన్న భరోసా అది. తొలినాటి అవాంగార్డ్ ఉద్యమాలు, అంటే పాత కళారీతులను కాదని కొత్తదారి తొక్కిన ఉద్యమాలు, ఈ రెండు సగాలనూ విడదీసి చెరొకటి పట్టుకున్నాయన్నది నా వాదన.

యంత్రాన్ని, వేగాన్ని కొలిచిన ఇటలీ కళాకారులు ఫ్యూచరిస్టులు. వాళ్లు పట్టుకున్నది రెండో సగాన్ని. 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక ‘ల ఫిగారో’ మొదటి పేజీలో వాళ్ల నాయకుడు మరినెట్టి మేనిఫెస్టో వచ్చింది. గ్రీకుల సమొత్రాస్ విజయదేవత శిల్పం కంటే హోరెత్తుతూ పోయే రేసు కారే అందమైనదన్నాడు. యుద్ధం లోకానికి పట్టిన మురికిని కడిగేస్తుందన్నాడు. ఇది వట్టి మాటల జోరు కాదు, వాళ్లు నిజంగానే నమ్మారు. నమ్మి సైన్యంలో చేరారు. వాళ్లలో గొప్ప శిల్పి బొచ్చోని 1916 ఆగస్టులో శిక్షణలో గుర్రం మీంచి పడి చనిపోయాడు, 33 ఏళ్లకే. రేపటి నగరాలను కాగితం మీద కట్టిన ఆర్కిటెక్ట్ సాంతెలియా అదే ఏడాది అక్టోబరులో యుద్ధంలో నేలకూలాడు. అతనికి 28. ఆ నగరాల బొమ్మలు చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

డాడావాళ్లు మొదటి సగాన్ని వదల్లేదు. 1914 అక్టోబరులో 93 మంది జర్మన్ మేధావులు, బెల్జియంలో తమ సైన్యం ఏ తప్పూ చేయలేదని సంతకాలు పెట్టి ప్రకటించారు. వాళ్లలో మాక్స్ ప్లాంక్, రోంట్‌జెన్, ఫ్రిట్జ్ హేబర్ లాంటి పెద్ద శాస్త్రవేత్తలు ఉన్నారు. ఆర్నెల్లకు, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర అదే హేబర్ పర్యవేక్షణలో శత్రుసైనికుల మీదికి క్లోరిన్ విషవాయువు వదిలారు. హ్యూగో బాల్ కూడా మొదట్లో సైన్యంలో చేరబోయినవాడే. ఆరోగ్యం బాలేదని తీసుకోలేదు. తర్వాత బెల్జియం వెళ్లి యుద్ధాన్ని కళ్లారా చూశాడు. పెద్దల మాట, ప్రొఫెసర్ల మాట, పత్రికల మాట అన్నీ ఒక్కటై జనాన్ని చావుకు పంపుతుంటే, ఆ భాషనే నమ్మను అనడం పిచ్చెలా అవుతుంది? ఎవరో చెప్పారని తలాడించకు అన్న కాంట్ మాటను చివరిదాకా పాటించడమే అది.

అయితే వాళ్లు తమను తాము అడుక్కోని ప్రశ్న ఒకటుంది. యూరప్ నాగరికత మీద విరక్తితో ఆఫ్రికా వైపు చూశారు. అంతకుముందే, 1907లో, పికాసో పారిస్‌లోని ట్రొకాదెరో మ్యూజియంలో ఆఫ్రికా మాస్కులు చూసి కదిలిపోయాడు. జ్యూరిక్‌లో డాడా కవి హ్యూల్సెన్‌బెక్ పెద్ద డ్రమ్ము వాయిస్తూ, తనే అల్లిన అర్థంలేని మాటలను ‘నీగ్రో పాటలు’ అని పాడాడు. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజమందిరాన్ని దోచి ఎన్నో కళాఖండాలు ఎత్తుకుపోయింది. అలాంటివి యూరప్ మ్యూజియాలకు ఎలా చేరాయో, వాటిని చేసిన చేతులెవరివో ఈ తిరుగుబాటుదారులు అడగలేదు. ఆఫ్రికా మనిషి ఆలోచన తెలియని ‘ఆదిమ’ మనిషి అన్నది కూడా పెద్దలు చెప్పిన మాటే. దాన్ని మాత్రం నమ్మేశారు. ఇది చిన్న లోపమని సర్దిచెప్పుకోవడం నా వల్ల కాదు.

మళ్లీ కబరే వోల్టేర్‌కు వస్తే, 1916 జూన్ 23 రాత్రి సంగతి. బాల్ కాళ్లకు నీలిరంగు అట్టగొట్టాలు తొడుక్కున్నాడు. భుజాల మీద, లోపల ఎరుపు, బయట బంగారు రంగు ఉన్న పెద్ద అట్ట కాలరు, నెత్తిన నీలం, తెలుపు చారల పొడుగాటి టోపీ. దాన్ని తన డైరీలో మంత్రగాడి టోపీ అన్నాడు. ఆ వేషంలో అడుగు తీసి అడుగు వేయలేడు కాబట్టి, చీకట్లో ఎత్తుకొచ్చి స్టేజీ మీద నిలబెట్టారు. ‘గాజీ బేరి బింబా’ అంటూ ఏ భాషకూ చెందని శబ్దాలు చదవడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి, ఇంకెలా చదవాలో తెలియని చోట, అతని గొంతు తనంతట తానే చర్చిలో పాదిరీ చదివే ధోరణిలోకి వెళ్లిపోయింది. చిన్నప్పుడు ఊరి చర్చిలో, చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనలు సగం భయంగా, సగం ఆసక్తిగా వింటూ నిలబడ్డ పదేళ్ల పిల్లాడి ముఖం కళ్లముందు కదిలిందని రాసుకున్నాడు. లైట్లు ఆరిపోయాయి. చెమటతో తడిసి ముద్దయిన మనిషిని మళ్లీ ఎత్తుకుని కిందికి దించారు.