మొదటి పేజీలో హీరో ఏం చేస్తున్నాడు?

అమెరికా కామిక్స్ సంస్థ డీసీ 2011లో తన సూపర్‌హీరో కథలన్నిటినీ ఒక్కసారిగా మళ్లీ ఒకటో నంబరుకు తెచ్చింది. ‘న్యూ 52’ పేరుతో 52 సిరీస్‌లు. ఆగస్టు 31న వచ్చిన ‘జస్టిస్ లీగ్’ తొలి సంచికతో దానికి తెర లేచింది. జెఫ్ జాన్స్ రచన, జిమ్ లీ బొమ్మలు. కవర్ మీద ఏడుగురు హీరోలు. లోపలికెళ్తే చాలాసేపు బ్యాట్‌మన్, గ్రీన్ లాంటర్న్ ఇద్దరే గోథమ్‌లో ఒక వింత జీవిని తరుముతూ, మధ్యలో వాళ్లలో వాళ్లే వాదులాడుకుంటూ కనిపిస్తారు. విక్టర్ స్టోన్ అనే కుర్రాడు సగం మనిషి, సగం యంత్రమైన సైబోర్గ్ కావడానికి ఇంకా టైమ్ ఉంది, ఫుట్‌బాల్ ఆడుకుంటున్నాడు. సూపర్‌మన్ ఆఖర్లో వస్తాడు. మిగతా ముగ్గురూ అసలు లేరు. 3.99 డాలర్లు పెట్టి కొన్నవాళ్లకు ఒళ్లు మండిందంటే మండదా మరి.

అయినా అందులో ఒక చిన్న సీన్ నాకు ఇప్పటికీ ఇష్టం. గ్రీన్ లాంటర్న్ గొప్పలు పోతుండగానే బ్యాట్‌మన్ అతని వేలికున్న, అతని శక్తులకు మూలమైన ఉంగరం అతనికే తెలియకుండా లాగేస్తాడు. ఒకడికి నోరెక్కువ, ఇంకొకడికి గమనింపు ఎక్కువ అని వేరే చెప్పక్కర్లేదు. ఇలా పాత హీరో కథను మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టే, అంటే రీలాంచ్ చేసే రచయితలకు మహా టెన్షన్ ఒకటుంటుంది: కొత్తవాళ్లకు అర్థం కాదేమో అని. దాంతో పుట్టుపూర్వోత్తరాలన్నీ డైలాగుల్లో కుక్కేస్తారు. నిజానికి చదివేవాడికి కావాల్సింది ఈ హీరో ఎలాంటి మనిషో తెలియడం. ఎక్కణ్నుంచి వచ్చాడన్నది తర్వాతైనా తెలుసుకోవచ్చు.

1962లో స్పైడర్‌మన్ కథ మొత్తం, సాలీడు కుట్టడం నుంచి బాబాయి బెన్ చావు దాకా, 11 పేజీల్లో అయిపోయింది. అదే కథను 2000లో ‘అల్టిమేట్ స్పైడర్‌మన్’గా రచయిత బ్రయన్ మైకేల్ బెండిస్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు తొలి సంచికలో సాలీడైతే కుట్టింది గానీ, ఆ ఎర్ర డ్రెస్సు కనిపించలేదు. సాగతీత అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. స్కూల్లో తోటివాళ్లు ఏడిపిస్తున్న పీటర్‌తో (స్పైడర్‌మన్ అసలు పేరు అదే) అన్ని పేజీలు గడిపాక, ఆ బాబాయి పోతే మనింట్లో మనిషి పోయినట్టే ఉంటుంది.

పొడుగొక్కటే మార్గమని కాదు. రీలాంచ్ కాకపోయినా, ‘ఆల్ స్టార్ సూపర్‌మన్’లో రచయిత గ్రాంట్ మారిసన్ ఆ పుట్టుక కథంతా ఒక్క పేజీలో, నాలుగు ప్యానెళ్లలో, ఎనిమిది ఇంగ్లిష్ మాటల్లో తేల్చేశాడు. అందరికీ తెలిసిన కథ కాబట్టే అది చెల్లింది. ఎవరికీ తెలియని పాత్ర దగ్గర ఆ ధీమా పనికిరాదు.

2014లో ‘మిజ్ మార్వెల్’ అనే పాత సూపర్‌హీరో పేరు కమలా ఖాన్ అనే కొత్త పాత్రకు దక్కినప్పుడు రచయిత్రి జి. విల్లో విల్సన్‌కు ఎదురైంది ఆ చిక్కే. ఆవిడ కథను ఫైటింగ్‌తో మొదలుపెట్టలేదు. జెర్సీ సిటీలో ఒక దుకాణం. పాకిస్తానీ ముస్లిం కుటుంబానికి చెందిన పదహారేళ్ల అమ్మాయి, తను తినకూడని పంది మాంసం శాండ్‌విచ్ మీదికి వంగి వాసన చూస్తోంది. తినదు, ఊరికే చూస్తుంది. ఇల్లు, మతం, కోరిక, నవ్వు అన్నీ అక్కడే వచ్చేశాయి. ఆ అమ్మాయికి శక్తులు ఎప్పుడొస్తాయన్న తొందర కూడా నాకు కలగలేదు.

2016 నాటి ‘డీసీ యూనివర్స్: రీబర్త్’ 80 పేజీల సంచిక దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫ్లాష్ పేరు మోసిన ఇద్దరు హీరోల్లో ఒకడైన వాలీ వెస్ట్ తిరిగొచ్చి, రెండోవాడైన బ్యారీని కావలించుకునే చోట పాత పాఠకులకు కళ్లు చెమ్మగిల్లాయి. కొత్తవాళ్లకు మాత్రం ఎవరో ఇద్దరు అపరిచితులు ఏడుస్తున్నారు, అంతే.

ఇటీవలివాటిలో నాకు బాగా నచ్చింది రచయిత జొనాథన్ హిక్‌మన్, చిత్రకారుడు మార్కో కెకెట్టో కలిసి 2024 జనవరిలో మొదలుపెట్టిన ‘అల్టిమేట్ స్పైడర్‌మన్’. ఇక్కడ పీటర్‌కు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, గడ్డం. బెన్ బతికే ఉన్నాడు, పోయింది పిన్ని మే. కుర్రాడిగా ఉన్నప్పుడు కుట్టాల్సిన సాలీడు అతన్ని కుట్టనేలేదు. సంచికంతా ఏదో వెలితి పడుతున్న ఒక నడివయసు మనిషి కథలా సాగుతుంది. చివర్లో సాలీడు అతని దగ్గరికే చేరుతుంది. 1962లో అది పొరపాటున జరిగిపోయిన సంగతి. ఈసారి పీటర్ దాన్ని చూసి, ఆలోచించి, తనే కుట్టించుకుంటాడు.