ఎద్దు పొడిచిన కేసు చదివితే దేవుడు దొరుకుతాడా?

కబ్బాలా, అంటే యూదుల మార్మిక (మిస్టిక్) బోధన, అనగానే ఆన్‌లైన్‌లో మనవాళ్ళకి గుర్తొచ్చేది చేతికి కట్టుకునే ఎర్ర దారం, దాన్ని ఫేమస్ చేసిన హాలీవుడ్ సెలబ్రిటీలు, జాతకం చెప్పినట్టు మాట్లాడే వీడియోలు. యూదుల దగ్గర దేవుణ్ణి చేరడానికి ఏదో సీక్రెట్ దారి ఉందట, అది తెలిస్తే చాలట. ఈ ధోరణి చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే వాళ్ళ సంప్రదాయంలో ఆ దారిని ఎవరూ దాచలేదు, దాదాపు రెండువేల ఏళ్ళుగా బహిరంగంగానే ఉంది, అది చదువు. మిస్టిక్ బోధనలు కూడా ఆ చదువు మధ్యలోంచి వచ్చినవే, దాన్నుంచి ఊడదీసి అమ్మితే చివరికి చేతిలో మిగిలేది ఆ దారమే.

అసలు వాళ్ళు చదివేదేంటో చూడండి. యూదుల చట్టాలూ వాటి మీద చర్చలూ ఉన్న మహాగ్రంథం తల్ముద్ తెరిస్తే దేవుడి గురించి, ఆత్మ గురించి పెద్ద పెద్ద మాటలుంటాయని అనుకుంటాం కదా, కానీ చాలా పేజీల్లో కనిపించేది ఒకడి ఎద్దు ఇంకొకడి ఎద్దుని పొడిస్తే ఎంత కట్టాలి, దారిలో దొరికిన డబ్బు ఎవరిది, ఇద్దరు ఒకే బట్ట పట్టుకుని ఇది నాదంటే నాది అంటే ఎలా తేల్చాలి, ఇలాంటివి. ఎద్దు మొదటి మూడుసార్లు పొడిస్తే యజమాని సగం నష్టం కట్టాలి, ఆ తర్వాత కూడా పొడిస్తే మొత్తం కట్టాలి, ఎందుకంటే దాని బుద్ధి తెలిసి కూడా కట్టెయ్యలేదు కాబట్టి. నిర్గమకాండంలో రెండు మూడు వచనాల్లో అయిపోయిన విషయం మీద పేజీలకి పేజీలు వాదన. ఆ పేజీ మధ్యలో క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే చట్టాల సంకలనం, దాని కింద తర్వాతి తరాల చర్చ, ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్స్ నుంచి రాషీ వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆయన మనవలూ వాళ్ళ శిష్యులూ ఆయన్నే ప్రశ్నిస్తూ రాసినవి. వెయ్యేళ్ళ మనుషులు ఒకే కాగితం మీద గొడవపడుతుంటారు, చదివేవాళ్ళు ఇద్దరిద్దరు జంటగా కూర్చుని ఆ గొడవలో దూరతారు, దాన్నే హవ్రూతా అంటారు. యేషివాలో, అంటే ఇలా చదువుకునే బడిలో, అడుగుపెడితే మన లైబ్రరీల్లో ఉండే నిశ్శబ్దం అస్సలు ఉండదు, హాలంతా కేకలే.

ఇందులో దేవుడెక్కడున్నాడు? ఇద్దరు కూర్చుని తోరా (దేవుడిచ్చిన ధర్మశాస్త్రం) మాటలు మాట్లాడుకుంటే దైవసన్నిధి, అంటే షెఖీనా, వాళ్ళ మధ్యే ఉంటుందని మిష్నానే చెప్తుంది. ఒక పొయ్యి శుద్ధమా కాదా అని రబ్బీల (యూదు మతగురువుల) మధ్య వాదన జరిగే కథ ఇంకా ముందుకెళ్తుంది. రబ్బీ ఎలియెజెర్ తన మాట నిజమని చూపించడానికి చెట్టుని కదిలిస్తాడు, కాలవని వెనక్కి పారిస్తాడు, చివరికి ఆకాశవాణి కూడా ఆయనదే రైట్ అంటుంది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి, తోరా ఇప్పుడు ఆకాశంలో లేదు, తీర్పు ఇక్కడ మెజారిటీదే అంటాడు. దానికి దేవుడు కోప్పడకుండా నవ్వి, నా పిల్లలు నన్ను ఓడించారు అన్నాడని తల్ముద్ చెప్తుంది. వాదించుకునేంత దగ్గరితనం ఉన్న బంధం అది, నాకు ఈ సంప్రదాయం మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇక మిస్టిక్స్ సంగతి. కబ్బాలా ముఖ్య గ్రంథం జోహర్ 13వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌లో బయటికొచ్చింది, సంప్రదాయం దాన్ని రెండో శతాబ్దపు రబ్బీ షిమోన్ బార్ యొహాయ్‌దని నమ్ముతుంది, గెర్షొమ్ షోలెం లాంటి స్కాలర్లు మాత్రం ఎక్కువ భాగం ఆ కాలపు స్పెయిన్ యూదు మోషె దె లియోన్ రాసిందే అంటారు. ఎవరు రాసినా ఆ పుస్తకం కూడా తోరా వచనాలకి వ్యాఖ్యానంగానే నడుస్తుంది, మళ్ళీ చదువే. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫేద్ ఊళ్ళో కబ్బాలా గురువు ఇసాక్ లూరియా ఉండేవాడు, 1572లో 38 ఏళ్ళకే పోయాడు. దేవుడు సృష్టికి చోటివ్వడానికి తనని తాను కుదించుకున్నాడు, వెలుగుని పట్టాల్సిన పాత్రలు పగిలాయి, ఆ ముక్కల్లో చిక్కుకున్న వెలుగుని మనుషులు తమ పనులతో పైకెత్తాలి అని ఆయన చెప్పింది ఇప్పటికీ మనసుని కదిలిస్తుంది. అదే ఊళ్ళో అదే కాలంలో యోసెఫ్ కారో ఉన్నాడు, ఇవాల్టికీ ఆచారపరులైన యూదుల ఇళ్ళలో చెల్లుబాటయ్యే షుల్హాన్ అరూఖ్ అనే లా పుస్తకం రాసింది ఈయనే. ఇంత డ్రై లాయర్ బుర్ర ఉన్న మనిషికి మిష్నా వల్లిస్తుంటే తన నోట్లోంచే ఒక దివ్యస్వరం పలికేది! సఫేద్‌కి రాకముందు తోరా అందిన రోజుగా జరుపుకునే షావుఓత్ పండగ రాత్రి ఒకసారి మిత్రులతో కలిసి మేలుకుని చదువుతుంటే ఆ స్వరం వచ్చిందని, పక్కనే ఉన్న కవి ష్లోమో అల్కబెట్స్ ఉత్తరంలో రాసిపెట్టాడు. ఇప్పటికీ షావుఓత్ రాత్రంతా చదవడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ స్వరం ఆయనకి ఏ గుహలోనో కళ్ళు మూసుకుంటే వినపడలేదు, చట్టం చదువుతుంటే వినపడింది. కబ్బాలా గురించి మాట్లాడేవాళ్ళు కారోని వదిలేస్తే సగం వదిలేసినట్టే.

అయితే చదువుతున్నప్పుడు మనసు ఎక్కడుండాలి అన్నదాని మీద వాళ్ళలో వాళ్ళకే పెద్ద తగువు నడిచింది. 18వ శతాబ్దంలో బాల్ షెమ్ తోవ్ అనే గురువు దారిలో నడిచిన హసీదులు అనే భక్తి వర్గం వాళ్ళు, మధ్యమధ్య ఆగి దేవుణ్ణి తలుచుకోకపోతే చదువు ఉత్త తెలివితేటల ప్రదర్శన అయిపోతుందన్నారు. 1772లో విల్నా గావోన్ అనే మహాపండితుడి వర్గం వాళ్ళని వెలివేసింది, ఆ గావోన్ కూడా కబ్బాలాలో దిట్టే అన్నది చాలామంది మర్చిపోతారు. ఆయన శిష్యుడు వొలోజిన్ ఊరి హయీమ్ ఏమన్నాడంటే, తోరా దేవుడి ఇష్టమే కాబట్టి ఎద్దు కేసులో నీ బుర్ర పూర్తిగా మునిగితే నువ్వు ఆయన్ని అంటుకునే ఉన్నావు, ఆగక్కర్లేదు అని. హసీదుల్లోనే హబాద్ శాఖ పెట్టిన ష్నేయుర్ జల్మాన్ 1796లో వచ్చిన తన్యా అనే తన పుస్తకంలో దాదాపు దీనికి దగ్గరగానే వస్తాడు, ఒక తీర్పు నీకు అర్థమైన క్షణంలో నీ బుద్ధి దేవుడి జ్ఞానాన్ని చుట్టుకుంటుంది, ఆ జ్ఞానం నిన్ను చుట్టుకుంటుంది అంటాడు. నేను హయీమ్ వైపే, ఎందుకంటే మనసులో భక్తి పొంగుతోందా లేదా అని మాటిమాటికీ చెక్ చేసుకునేవాడు చివరికి తన మూడ్‌నే పూజించే ప్రమాదం ఉంది, పుస్తకం ముందు అలా కుదరదు, పక్కనున్న చదువు జోడీ నువ్వు తప్పు అని మొహం మీదే చెప్తాడు.

చదువు లేకుండా కబ్బాలాలోకి దూకే షార్ట్‌కట్ అంటే భయం ఊరికే వచ్చిందీ కాదు. 17వ శతాబ్దంలో శబ్బతాయ్ జ్వీ తానే మెస్సయ్య అని కబ్బాలా భాషలోనే ప్రకటించుకుంటే యూరప్ నుంచి యెమెన్ దాకా జనం నమ్మారు, 1666లో ఆయన ఒట్టోమన్ సుల్తాన్ ముందు ఇస్లాంలోకి మారిపోయాడు, ఆ గాయం తర్వాతే 1756లో బ్రొడీ ఊరి రబ్బీలు 30 ఏళ్ళలోపు వాళ్ళు జోహర్, 40 లోపు వాళ్ళు లూరియా రాతలు ముట్టొద్దని ఆంక్ష పెట్టారు.

చదువు మాత్రం తలుపులు తెరుస్తూనే వచ్చింది, అందరికీ ఒకేసారి తెరిచిందని అనను, ఆడవాళ్ళు చాలా కాలం బయటే ఉండిపోయారు, సారా షెనిరెర్ 1917లో క్రాకోవ్‌లో ఆడపిల్లలకి బడి పెట్టడం దగ్గర మొదలై 2020లో జెరూసలేంలో వేలమంది ఆడవాళ్ళు తల్ముద్ పూర్తిచేసిన వేడుక జరుపుకునే దాకా వచ్చింది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయిమ్ అనే తెలుగు యూదుల కుటుంబాలున్నాయి, మాదిగ సముదాయం నుంచి వచ్చినవాళ్ళు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుని విశ్రాంతి దినం పాటిస్తున్నారు. ఎర్ర దారం వీడియోలకి లక్షల వ్యూస్ ఇచ్చేవాళ్ళకి వీళ్ళున్నారని తెలియకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంది.

సీరియస్‌గా తెలుసుకోవాలనుకునే వాళ్ళకి ఇప్పుడు అడ్డమేం లేదు, అదిన్ స్టైన్‌సాల్ట్స్ 1965లో మొదలుపెట్టి 2010కి పూర్తిచేసిన తల్ముద్ వివరణ ఇంగ్లీష్‌లో సెఫారియా సైట్‌లో ఫ్రీగా ఉంది. రోజుకో ఆకు (రెండు వైపులా ఉండే కాగితం) చొప్పున 2,711 ఆకులు చదివే దాఫ్ యోమీ పద్ధతి 1923లో రబ్బీ మెయిర్ షపీరో వియన్నాలో ప్రకటించింది, ఒక రౌండ్‌కి ఏడున్నరేళ్ళు పడుతుంది, 2020 జనవరిలో మొదలైన రౌండ్ 2027 జూన్‌లో అయిపోతుంది, వెంటనే మళ్ళీ మొదటి ఆకు.