శివారు కణానికి జన్యువు అందాలంటే

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువకు వదిలిన నీరు ముందుగా ఎగువ పొలాలకే అందుతుందని కృష్ణా డెల్టాలో ఏ రైతునడిగినా చెబుతాడు. శివారు భూములు తడవాలంటే ఎగువ తూములను అదుపులో పెట్టాలి, లేదా కాలువ నిండుగా వదలాలి. రెండో దారి పడితే ఎగువ చేలు మునుగుతాయి. లోపమున్న జన్యువుకు బదులు మంచి జన్యువును రోగి శరీరంలోకి పంపే వైద్యం ఇప్పుడు ఇదే చిక్కులో ఉంది. రక్తంలోకి ఎక్కించిన మందులో పెద్ద వాటాను కాలేయమే పీల్చుకుంటుంది. కండరాలు, వెన్నుపాము, మెదడు ఈ వైద్యానికి శివారు భూములు.

2021లో హైదరాబాద్‌లోని ఒక పసివాడికి ప్రజల విరాళాలతో 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ వేయించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వెన్నుపాములోని నాడీకణాలు నశించి కండరాలు చచ్చుబడే ఎస్‌ఎంఏ జబ్బుకు ఇచ్చే జోల్‌జెన్‌స్మా అనే ఆ మందు గురించి మన దగ్గర జరిగిన చర్చంతా ధర చుట్టూనే తిరిగింది. నాకు అంతకంటే ముఖ్యమనిపించే అంకె మరొకటుంది. ఆ మందులో జన్యువును మోసేది ఏఏవీ అనే, రోగం కలిగించని వైరస్‌లో ఏఏవీ9 రకం పైతొడుగు. ఇలాంటి వాహకాలను బిడ్డ బరువులో ప్రతి కిలోకు 110 లక్షల కోట్ల చొప్పున ఎక్కించాలి. పుట్టుకతో వచ్చే ఒక రకం అంధత్వానికి 2017లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నాలోనూ వాహకం ఏఏవీయే, కానీ దానిని రెటీనా కిందకు నేరుగా సూదితో ఇస్తారు కనుక ఒక కంటికి మొత్తం 15 వేల కోట్ల వాహకాలు సరిపోతాయి. చేరవలసిన చోటికి నేరుగా చేర్చినప్పుడు అవసరం ఎంతగా తగ్గుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

గురి లేకుండా కాలువ నిండుగా వదిలినందుకు మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది. జోల్‌జెన్‌స్మా తీసుకున్న ఇద్దరు పిల్లలు కాలేయం విఫలమై మరణించినట్లు 2022లో వెల్లడైంది. డుషేన్ కండర క్షీణతకు ఇదే తరహాలో ఇచ్చే ఎలివిడిస్ అనే మందు తర్వాత, అప్పటికే నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు రోగులు అదే కారణంతో చనిపోయినట్లు 2025లో బయటపడింది. బాగుపడవలసింది వెన్నుపాము, కండరం; దెబ్బతిన్నది కాలేయం. అందుకే ఈ రంగంలో ప్రభుత్వ ధనం ముందుగా పోవలసింది కొత్త జన్యువుల వేటకు కాదని, మందును కావలసిన కణానికే చేర్చే, అంటే చిరునామా పట్టుకునే పరిశోధనకని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చిరునామా పట్టుకోవడం ఒక్క అంచెలో జరిగే పని కాదు. కణం ఉపరితలం మీద ఉండే గ్రాహకాలు తాళాల వంటివి, వైరస్ తొడుగు తాళంచెవి వంటిది; తొడుగులోని ప్రొటీన్ నిర్మాణాన్ని మార్చి, కావలసిన తాళానికే సరిపోయే చెవిని తయారు చేయాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. ఒకవేళ వాహకం వేరే కణంలోకి చేరినా అక్కడ జన్యువు మేల్కొనకుండా చూసే వీలుంది. జన్యువుకు ముందు, దానిని మేల్కొలిపే ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. కండర కణంలో మాత్రమే పనిచేసే ప్రమోటర్‌ను తగిలిస్తే ఆ జన్యువు కాలేయంలో దాదాపు నిద్రలోనే ఉంటుంది. దీనిపై మరో కాపలాగా, కాలేయంలో సమృద్ధిగా ఉండే మిర్-122 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ గుర్తుపట్టే అక్షరాలను జన్యువు చివర చేర్చితే, ప్రొటీన్ తయారీ కోసం ఆ జన్యువు నుంచి అక్కడ వెలువడిన సందేశాన్ని కాలేయ కణమే అణచివేస్తుంది. అయితే ప్రమోటర్, మిర్-122 రెండూ జన్యువు పనిచేసే చోటును అదుపు చేస్తాయే తప్ప, ఎక్కించిన వైరస్ తొడుగుల సంఖ్యను తగ్గించవు. వాటిపై రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ప్రమాదం అలాగే ఉంటుంది. మోతాదు తగ్గాలంటే తాళంచెవే సరిగ్గా ఉండాలి.

ఆ తాళంచెవి విషయంలో తొందరపాటు పనికిరాదు. 2016లో కాల్‌టెక్ పరిశోధకులు ఎలుకల మెదడులోకి అద్భుతంగా చొచ్చుకుపోయే పీహెచ్‌పీ.బీ అనే ఏఏవీ రకాన్ని ప్రకటించారు. అది కొన్ని జాతుల ఎలుకల్లో తప్ప పనిచేయలేదు, కోతుల్లోనూ ఫలించలేదు. అది పట్టుకునే తాళం లై6ఏ అనే ప్రొటీన్ అనీ, మనిషిలో ఆ ప్రొటీన్ లేదనీ తర్వాత తేలింది. ఎలుకలో గెలిచిన వార్త చదివి ఆశ పెంచుకునే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు ఈ ఉదాహరణే గుర్తొస్తుంది.

గురి కుదిరేదాకా మన దేశం ఎంచుకున్న దారి తెలివైనదని నా అభిప్రాయం. రోగి కణాలను బయటకు తీసి, వాటికే జన్యువును అందించి, తిరిగి ఎక్కిస్తే వాహకం శరీరమంతా తిరగవలసిన పనే లేదు. 2023లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 రక్త క్యాన్సర్ చికిత్స ఈ పద్ధతిలోదే. అమెరికాలో ఇదే తరహా చికిత్సకయ్యే ఖర్చులో సుమారు పదో వంతుకు అది లభిస్తోంది. రక్తం సరిగా గడ్డకట్టని తీవ్ర హీమోఫీలియా-ఏ జబ్బు ఉన్న ఐదుగురి మూలకణాలకు వెల్లూరు సీఎంసీ వైద్యులు జన్యువును చేర్చి, ఫలితాలను 2024 డిసెంబరులో ప్రచురించారు. అందులోనూ ఒక వర్గం తెల్లరక్తకణాల్లోనే జన్యువు పనిచేసేలా ప్రమోటర్‌ను ఎంచుకున్నారు. అయితే మూలకణాలతో చేసే చికిత్సలో ముందుగా కీమో మందులతో ఎముక మజ్జను ఖాళీ చేయాలి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. గుంటూరు జిల్లా కౌలు రైతు కుటుంబానికి అది మోయగలిగిన భారం కాదు. కాబట్టి శరీరంలోపలే గురి చూసి కొట్టే పద్ధతిని వదులుకోలేం.

ఇది మన ప్రాంతానికి దూరపు విషయమని ఎవరైనా అనుకుంటే ఒప్పుకోను. మేనరికాలు మన దగ్గర ఇంకా ఉన్నాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం బిడ్డకు చేరే అవకాశం అక్కడ పెరుగుతుంది. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద రోగికి అందే గరిష్ఠ సాయం 50 లక్షల రూపాయలు. 16 కోట్ల ఇంజెక్షన్‌కు అది ఏ మూలకూ చాలదు. మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్ వంటి సంస్థలు ఈ కుటుంబాల జన్యు పరీక్షల వివరాలతో పాటు, వారి రక్తంలో ఏఏవీకి యాంటీబాడీలు ఎంతమందికి ఉన్నాయో కూడా నమోదు చేయడం మొదలుపెట్టాలి. సహజంగా సోకిన ఏఏవీ వల్ల చాలామందికి ఆ యాంటీబాడీలు ముందే ఉంటాయి. యాంటీబాడీలు ఒక పరిమితిని మించి ఉంటే వారికి ఏఏవీతో చేసిన మందు ఇవ్వరు. లేనివారికి సైతం ఒక్కసారి ఎక్కించాక అవి విపరీతంగా పెరుగుతాయి. అందువల్ల గురి సరిగా లేని మందును ఈ రోజు తీసుకున్న బిడ్డకు, అయిదేళ్ల తర్వాత అదే తొడుగుతో మెరుగైన మందు వచ్చినా, ఇప్పుడున్న పద్ధతుల్లో రెండోసారి ఇవ్వడం దాదాపు కుదరదు.