కౌంటరు మీద మంగు వైద్యం

బెజవాడకి చర్మవ్యాధుల డాక్టర్లు దేనికో అర్థం కాదు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పైన ఎండీ మూడేళ్లు. సందు చివర మందుల షాపు కుర్రాడు అదే పని మూడు సెకన్లలో ముగిస్తుంటే ఆ ఎనిమిదిన్నరేళ్లూ దండగ కాదూ?

రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. ఒకావిడ స్కూటీ ఆపి, ముఖానికి చుట్టిన చున్నీ విప్పి చెంప చూపిస్తుంది. రెండు బుగ్గల మీదా, పై పెదవి మీదా గోధుమరంగు మచ్చ. కుర్రాడు వేరే ఎవరికో చిల్లర లెక్కపెడుతూనే తలెత్తుతాడు.

"మంగేనండి. ఇది రాయండి, వారంలో పోద్ది."

"ఎన్ని పూటలు బాబూ?"

"రెండు పూటలా."

"ఎన్నాళ్లు?"

"తగ్గేదాకా."

పక్కనున్న పెద్దావిడ వింటూనే ఉంది. "మా అమ్మాయికీ ఒకటివ్వు నాయనా, ఆదివారం పెళ్లిచూపులు." ఆ అమ్మాయికి మంగు లేదు, ఉన్నది చామనఛాయ. అదే ట్యూబు. వెనక ఇంటర్ కుర్రాడికి మొటిమలు. అదే ట్యూబు. ఆటో అన్నకి గజ్జల్లో తామర. అదే! మెట్టు మీద పడుకున్న పిల్లికీ ముక్కు మీద మచ్చ ఉంది. దాని అదృష్టం, చేతిలో డబ్బుల్లేవు. గుంటూరు వాళ్లు నవ్వక్కర్లేదు, బ్రాడీపేటలోనూ ఇదే సిలబస్.

ఇంతకీ ఆ ట్యూబులో ఏముంది? హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్. చివరిది స్టెరాయిడ్. అందుకే వారంలో ముఖం నిజంగానే తేటపడుతుంది, చుట్టాలంతా పేరడిగి మరీ కొనుక్కుంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, చెంపల మీద నూగు మొలుస్తుంది. ఆపితే భగ్గుమని మంట, మంగు మునుపటికంటే ముదురు. డాక్టరు ఇలాంటి మూడు మందుల క్రీము రాస్తే రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే, వారాలు లెక్కపెట్టి రాస్తారు. ఇక్కడ "తగ్గేదాకా"!

వేళాకోళం చాలు. మంగు చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే వస్తుంది. ఆ సమయంలో ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్ జోలికి పోకూడదు. "నెల తప్పిందా అమ్మా" అని ఒక్కడైనా అడిగాడా? కాన్పయ్యాక నెలల్లో చాలామందికి దానంతటదే పలచబడే మచ్చకోసం ముఖం తగలబెట్టి పంపిస్తున్నారు! స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే నిబంధన బిగించారు. ఆ హెచ్చరిక ట్యూబు మీదే ఉంటుంది, సరిగ్గా కుర్రాడి బొటనవేలు ఆనే చోట.

మంగుకి అసలు మందు సన్‌స్క్రీన్. అది మాత్రం మనం కాటుకలా వాడతాం. ముఖానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు, అంటే దాదాపు గ్రాము, రెండు మూడు గంటలకోసారి. రోజుకు మూడుసార్లయితే 50 గ్రాముల ట్యూబు పదిహేడు రోజుల్లో ఖాళీ. మన ఇళ్లలో సంక్రాంతికి కొన్నది దసరాకీ సగం మిగులుతుంది, ఆపైన "పని చెయ్యలేదండీ" అని ఫిర్యాదు. పైగా కంటికి కనిపించే వెలుగు కూడా మంగుని ముదురుస్తుంది. దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే రకం కావాలి. నిమ్మకాయని పులిహోరకి వదిలెయ్యండి. ఆ రసం పూసుకుని ఎండలోకెళితే చర్మం కాలుతుంది, కాలినచోట కొత్త మచ్చ.

మూడు నెలల తర్వాత స్కూటీ ఆవిడ మళ్లీ అదే కౌంటరు ముందు. చున్నీ విప్పితే బుగ్గలు మిరపపండులా ఉన్నాయి. కుర్రాడు ఈసారి చిల్లర లెక్క ఆపి మరీ చూశాడు.

"ఎలర్జీ అండి. ట్యూబు ఆపేసినట్టున్నారు. ఇంకోటి తీస్కెళ్లండి."