"బ్రేకులు ఫెయిల్" అని రాసేస్తే సరిపోయిందా?

ఘాట్‌లో లారీ బోల్తా పడిందంటే మర్నాడు పేపర్లో ఒకటే వాక్యం: "బ్రేకులు ఫెయిలవడంతో అదుపు తప్పి..." మొగిలి ఘాట్ కానీ, దోర్నాల నుంచి శ్రీశైలం దారి కానీ, మారేడుమిల్లి కానీ, కారణం మాత్రం రెడీగా ఉంటుంది. ఎందుకు ఫెయిలయ్యాయని అడిగే నాథుడు లేడు.

లారీ బ్రేకులు పనిచేసేది ట్యాంకులోని గాలి ఒత్తిడితో, ఆ గాలి పోతే లారీ ఆగదని చాలామంది నమ్మకం. ఇప్పటి లారీల్లో జరిగేది తలకిందులు. వెనక చక్రాల దగ్గర గట్టి స్ప్రింగు ఉంటుంది, ట్యాంకులోని గాలే దాన్ని వెనక్కి నొక్కి పట్టుకుంటుంది. గాలి బాగా దిగిపోయిందంటే స్ప్రింగు విడిపోయి బ్రేకు పట్టేస్తుంది. "గాలి ఎక్కట్లేదు సార్" అంటూ నడిరోడ్డు మీద బండి ఆపేసిన డ్రైవర్‌ని మీరూ చూసే ఉంటారు.

దిగుడులో కొంప ముంచేది ఎక్కువగా వేడి. 28 టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే శక్తి, రెండొందల లీటర్ల పైచిలుకు చన్నీళ్లను మరిగించడానికి చాలు. తక్కువ గేరులో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిను పొగదారి మూసి బండిని నెమ్మదింపజేసేది) వేసుకుని దిగితే అందులో పెద్ద వాటా ఇంజిను మోస్తుంది. న్యూట్రల్‌లో వదిలేస్తే దాదాపు అంతా లైనర్ల నెత్తినే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపల్నుంచి ఒరుసుకుని ఆపే పట్టీల మీదే. డ్రమ్ము కాలి సాగుతుంది, లైనరు దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం జరగాలి, మాడిన లైనరుకి పట్టు ఉండదు. లైనరుకీ డ్రమ్ముకీ మధ్య ఎడం సరిచేసే స్లాక్ అడ్జస్టర్ ముందే వదులుగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. హ్యాండ్ బ్రేకు లాగినా ఆదుకోదు, అదీ ఆ కాలిన డ్రమ్మునే పట్టాలి కదా. ఏబీఎస్ ఉందిగా అంటారు కొందరు. అది చక్రం జామ్ కాకుండా చూస్తుంది, డ్రమ్ముని చల్లార్చదు బాబూ.

న్యూట్రల్ ఎందుకంటే డీజిల్ మిగులుతుందట! ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ ఇంజెక్షనే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే ఐడ్లింగ్‌కి తాగుతుంది. ఈ ముక్క డ్రైవర్‌కి ఎవరు చెప్పారు? ట్రిప్పుకి ఇన్ని లీటర్లని లెక్కగట్టి చేతిలో పెట్టి, మించితే జీతంలో కోస్తే ఎవడైనా న్యూట్రలే కొడతాడు.

2018లో కేంద్రం మూడు ఇరుసుల లారీ బరువు పరిమితిని 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఇకనైనా ఓవర్‌లోడ్ తగ్గుతుందన్నారు. ఇసుక, గ్రానైట్ బళ్లు రాత్రిపూట వెళ్తుంటే చూడండి, తగ్గిందో లేదో! ఆ అదనపు టన్నులకు డ్రమ్ములేమీ పెద్దవి కావు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) అంటారా, బండి చుట్టూ ఓ చుట్టు చుట్టి సంతకం పడిన సందర్భాలు లారీ ఫీల్డులో ఉన్నవాళ్లకి నేను చెప్పాలా.

యాక్సిడెంట్ అయ్యాక డ్రైవర్ బతికుంటే కేసు, పోతే "బ్రేకులు ఫెయిల్". లోడు తూచిన వేబ్రిడ్జి చీటీ ఎక్కడుంది, లైనర్లు మార్చి ఎన్నాళ్లయింది, ఎఫ్‌సీ మీద సంతకం ఎవరిది? విలేకరి మిత్రులారా, ఈ మూడూ ఓనర్‌ని అడిగి రాయండి, చదువుతాం.