నూరు శాతం దగ్గరే అరిగిపోయే బ్యాటరీ

ఇటీవల నా మిత్రుడి ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచింది. విప్పి చూస్తే కింద బ్యాటరీ ఉబ్బి ఉంది. మూడేళ్లుగా ఆ ల్యాప్‌టాప్ బల్ల మీద నుంచి కదలలేదు, దాని ఛార్జర్‌ను ఎవరూ తీయలేదు. ‘బ్యాటరీ మీద నడిపిందే లేదు, ఎలా పాడైంది?’ అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఏళ్ల తరబడి నిండుగా, వెచ్చగా ఉంచడమే దానికి చేటు చేసింది.

ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉండే లిథియం అయాన్ సెల్ నిండే కొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది. సాధారణ సెల్‌లో అది 4.2 వోల్టుల వరకు వెళ్తుంది. ఆ స్థాయిలో లోపలి ఎలక్ట్రోలైట్, అంటే లిథియం ప్రయాణించే ద్రవం, స్థిరంగా ఉండలేదు. మెల్లగా విచ్ఛిన్నమై ఎలక్ట్రోడ్ల (సెల్‌లోని రెండు ధ్రువాల) మీద పొరలుగా పేరుకుంటుంది. అటూ ఇటూ తిరగాల్సిన లిథియంలో కొంత ఆ పొరల్లో చిక్కుకుని ఇక వెనక్కి రాదు. వేడి తోడైతే ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. ‘బ్యాటరీ యూనివర్సిటీ’ వెబ్‌సైటు ఇచ్చే అంచనా ప్రకారం, 25 డిగ్రీల వద్ద 40 శాతం ఛార్జితో ఏడాది ఉంచిన సెల్‌లో 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే నిండుగా ఉంచితే మిగిలేది 80 శాతమే. 40 డిగ్రీల వద్ద ఈ అంకెలు 85, 65కు పడిపోతాయి. బరువైన పని చేస్తున్న ల్యాప్‌టాప్ లోపల 40 డిగ్రీలు పెద్ద విశేషం కాదు.

అయినా ‘పూర్తిగా ఖాళీ చేసి, పూర్తిగా నింపాలి’ అనే పాత సలహా ఇంకా వినిపిస్తూనే ఉంది. అది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియం బ్యాటరీని అప్పుడప్పుడు ఖాళీ చేసి నింపితే తెర మీద కనిపించే శాతం లెక్క సరిపడుతుంది, అంతే. పోయిన సామర్థ్యం తిరిగి రాదు.

ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంది. లెనోవోలో దాని పేరు కన్జర్వేషన్ మోడ్. ఆసుస్, డెల్ వంటి సంస్థలూ వేరే పేర్లతో ఇస్తున్నాయి. ఆపిల్ 2020లో మ్యాక్‌బుక్‌లకు తెచ్చిన ఏర్పాటు మన దినచర్యను గమనించి 80 శాతం పైన ఛార్జింగ్‌ను వాయిదా వేస్తుంది. కానీ చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఈ సెట్టింగ్ తయారీదారు సొంత యాప్‌లో ఎక్కడో అడుగున, లేదా విండోస్ కంటే ముందే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో ఉంటుంది. దాన్ని వెతకాలంటే అది ఉందని ముందే తెలిసి ఉండాలి. నా దృష్టిలో ఇది తయారీదారుల బాధ్యతారాహిత్యం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు భాష, సమయం అడిగే యంత్రం ‘నన్ను ఎక్కువగా ప్లగ్‌లోనే ఉంచుతారా?’ అని కూడా అడగవచ్చు కదా!

అరిగిపోతే పోయేదీ 20 శాతమే కదా, దాన్ని ముందే ఎందుకు వదులుకోవాలని కొందరు వాదిస్తారు. ఆ రెండూ ఒకటి కావు. పరిమితి వల్ల పక్కన పెట్టిన 20 శాతాన్ని ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఒక్క క్లిక్కుతో తిరిగి తెచ్చుకోవచ్చు. అరిగిపోయింది ఏం చేసినా రాదు.

పవర్ సెట్టింగులను కూడా నేను ఈ కోణంలోనే చూస్తాను. ఉత్తరాలు రాసుకోవడానికి, పత్రాలు చదువుకోవడానికి గరిష్ఠ వేగం అక్కర్లేదు. ప్లగ్‌లో ఉన్నప్పుడు కూడా సమతుల్య స్థితిలో ఉంచితే ప్రాసెసర్ చల్లగా ఉంటుంది, ఆ మేరకు బ్యాటరీ కూడా. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు తెర వెలుగు తగ్గించడమే అన్నిటికంటే సులువైన ఆదా. ల్యాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి సంచిలో వేయడం మాత్రం మానాలి. కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లు ఆ స్థితిలోనూ మేల్కొని పని చేస్తాయి, గాలి ఆడని సంచిలో వేడెక్కుతాయి. వాటికి, తెరిచి ఉన్న పనిని డిస్కులో భద్రపరచి యంత్రాన్ని ఆపేసే హైబర్నేట్ మేలు.

మిత్రుడి ల్యాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేయించాం. తయారీదారు యాప్ తెరిచి పరిమితిని 80 దగ్గర పెట్టాం. ఆ సెట్టింగ్ కొన్న రోజు నుంచీ అందులోనే ఉంది.