నోటికి పదవీ విరమణ

మనిషి నోటికి మాట్లాడే పని ఇక లేదని, తినే పని ఒక్కటే మిగిలిందని నెల్లూరు వీధుల్లో తిరిగే ఎవరికైనా ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ప్రభుత్వం మాత్రం ఇంకా గుర్తించినట్టు లేదు. అందుకే ఈ విన్నపం. ఇన్నేళ్లు సెలవు అడక్కుండా సేవ చేసిన నోటికి శాలువా కప్పి, దండేసి, సగౌరవంగా పదవీ విరమణ ఇప్పించాలి. ఆ ఉద్యోగం ఇప్పటికే అనధికారికంగా చేస్తున్న బాక్సును పర్మినెంట్ చేయాలి.

బాక్సు అంటే తోపుడు బండి ముందు కమ్మీకో, టీవీఎస్ ఎక్సెల్ హ్యాండిల్‌కో కట్టి ఉండే చిన్న స్పీకరు. లోపల బ్యాటరీ, పక్కన మెమరీ కార్డు దూర్చే సందు, పైన వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు. తెల్లారేసరికి మూలాపేటలో మొదటి బాక్సు మేలుకుంటుంది. ఆకుకూరలు సందు తిరిగేలోపు ఉల్లిపాయలు వస్తాయి. ఉల్లిపాయల వెనకే పాత ఇనుము, దాని వెనక తలవెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు, ఆ తర్వాత మిక్సీ, కుక్కర్ రిపేర్లు. ఎవరి పెదవీ కదలదు. బండి తోసే మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకేదో వింటూ ఉంటాడు. తన బాక్సును తానే భరించలేక చేసుకున్న ఏర్పాటు అది. మనకు ఆ సౌకర్యం లేదు.

ఇందులో పాత ఇనుము కొనే గొంతు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. నెల్లూరులో విన్న గొంతే కావలిలో వినిపిస్తుంది, ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ వినిపిస్తుంది. ఎక్కడా ఊపిరి పీల్చుకోదు, ఎక్కడా దగ్గదు, యాస అనేది లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి తెచ్చి నెల్లూరులో కలిపారు. ఎన్నో ఆఫీసుల బోర్డులు మారాయి. ఈ గొంతు మాత్రం రెండు వైపులా అట్టాగే ఉంది. తెలుగువాళ్లందరినీ ఒక్క తాటి మీదికి తెచ్చిన ఘనత ఏ మహాసభకూ దక్కలేదు గానీ విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు కొనే ఈయనకు దక్కింది. ఆయన ఎవరో, ఎక్కడి వాడో, ఆ రికార్డింగుకు ఎంతిచ్చారో కనుక్కుని సన్మానం చేయాలి.

దీనికి చట్టం ఒప్పుకోదని కొందరు చాదస్తులు అంటారు. నిజమే, 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. పది డెసిబెల్స్ పెరిగాయంటే ఏదో కాస్త పెరిగిందని కాదు, శబ్దం తీవ్రత పది రెట్లయిందని అర్థం. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల దాకా నిశ్శబ్ద మండలం ఉండాలట. పొగతోటలో అడుగడుగునా ఆస్పత్రే కాబట్టి ఆ లెక్కన అక్కడ చీమ నడిచినా చప్పుడు కాకూడదు. ఒకసారి గుండె డాక్టరు కోసం బెంచీ మీద కూర్చుని చూడండి. బయట జామకాయల బాక్సు, చెరకు రసం బాక్సు పోటీ పడుతుంటాయి, లోపల టోకెన్ నంబర్లు పిలిచే మిషన్ వాటితో పోటీ పడుతుంటుంది. మీ వంతు వచ్చేసరికి బీపీ ఎంతున్నా డాక్టరు ఆశ్చర్యపోడు.

అయితే బాక్సుకు ఒక చిన్న లోపం ఉంది. మొన్న టమాటా బండి మా వీధిలోకి వచ్చింది. బాక్సు "కిలో ఇరవై, కిలో ఇరవై" అంటోంది. దాని వెనకే బండాయన గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"బాక్సు మాట నమ్మబాకండమ్మా! నలభై!"

ఎదురింటి అక్క గిన్నె పట్టుకుని గేటు దాటింది. "మరి అదట్టా అరస్తా ఉందేంది?"

"అది పోయిన నెల రేటు తల్లీ. మార్చాలంటే మా బావమరిది రావాల. వాడు మెడ్రాసులో ఉండాడు."

"అయితే ఆపెయ్."

"ఆపితే బండొచ్చిందని మీకెట్టా తెలస్తది?"

అక్క కాసేపు ఆలోచించింది. "సరే, మీ బావమరిది వచ్చిందాకా ఇరవైకే ఇయ్యి."

ఆయన బాక్సు వైపు ఒక చూపు చూశాడు. అది "తాజా టమాటాలు" అంది. చివరికి బేరం ముప్పైకి తెగింది. అరవకుండా బతకొచ్చని బాక్సు కొనుక్కున్న మనిషి, ఇప్పుడు బాక్సు చెప్పేది అబద్ధమని అరవడానికి ఇంకా ఎక్కువ అరవాల్సి వస్తోంది. ఇలాంటివి సాంకేతిక పురోగతిలో మామూలే కాబట్టి దీన్ని పెద్దది చేయనక్కర్లేదు.

ఆ పురోగతి ఇంకా చేరని చోట్లూ ఉన్నాయి. 2022 దాకా మా జిల్లాలోనే ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాకు వెళ్లిపోయిన శ్రీహరికోట సంగతే చూడండి. అక్కడ రాకెట్ పైకి లేవాలంటే ఇప్పటికీ ఒక మనిషి మైకు ముందు కూర్చుని అంకెలు వెనక్కి లెక్కపెడతారు. ఏళ్ల తరబడి ఆ కౌంట్‌డౌన్ చెప్పిన వలర్మతి గారు 2023 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు దేశమంతా ఆ గొంతును తలుచుకుంది. చంద్రుడి దాకా వెళ్లే బండికి మనిషి నోరు కావాలి, సంతపేట దాకా వెళ్లే బండికి అక్కర్లేదు. ఇద్దరిలో ఎవరు ముందున్నారో పాఠకులే తేల్చుకోవాలి.

ఇక సంగీతం. గొంతు విలువ తెలియని ఊరని నెల్లూరును ఎవరూ అనలేరు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేదపాఠశాల కోసం 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి అప్పగించారు. ఆ ఏడాదే సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. వేదపాఠశాల అంటే బాక్సు యుగానికి పూర్తి విరుద్ధమైన వ్యవహారం. గురువు నోటితో చెబుతాడు, శిష్యుడు చెవితో విని తన నోటితో తిరిగి చెబుతాడు, స్వరం తప్పితే మళ్లీ మొదటికి. మెమరీ కార్డు దూర్చడానికి ఎక్కడా సందు లేదు. ఇంటిని అలాంటి చదువుకు ఇచ్చిన ఆయన గొంతును మాత్రం లోకం మిషన్‌కు అప్పజెప్పింది. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఏఐతో ఆ గొంతును తయారుచేసి, తమను అడక్కుండా వాడుకున్నారంటూ కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగికైనా ఒక వయసు వచ్చాక రిటైర్మెంట్ ఉంటుంది. మంచి గాయకుడికి పోయాక కూడా డ్యూటీ వేస్తున్నారు. వేసేవాళ్లకు ఆ గొంతు మీద ప్రేమే ఉండొచ్చు. కానీ ప్రేమ ఉన్నవాళ్లు ముందు ఇంట్లోవాళ్లను ఒక మాట అడుగుతారు.

ఆరోగ్య శాఖకూ సంగీతానికీ ఉన్న బంధం మీద పరిశోధన జరగాలి. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా ముందు పొడిదగ్గు వినిపించేది గుర్తుందా? దగ్గే పల్లవిగా మొదలైన కృతి మన సంగీత చరిత్రలో అంతకుముందు ఉన్నట్టు నాకు తెలియదు. గ్యాస్ లీకవుతోందని పక్కింటికి ఫోన్ చేసినా సరే, దగ్గు, చేతులు కడుక్కోవడం, ఆ తర్వాతే హలో. 2024 చివర్లో మళ్లీ మొదలైంది. ఈసారి దగ్గు లేదు, సైబర్ మోసాల గురించి హెచ్చరిక. చెప్పింది అక్షరాలా అవసరమైన విషయమే. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. కానీ రోజూ అన్నిసార్లు వినేసరికి చెవి దాన్ని కూడా ఉల్లిపాయల లెక్కలోనే వేసుకుంది.

రికార్డు గొంతును మనం నమ్మమనీ అనలేం. 2021 మేలో కృష్ణపట్నం కరోనా మందు కోసం వేలాది మంది ఎగబడ్డారు. అందులో ఎందరు కళ్లారా చూసి బయల్దేరారు, ఎందరు వాట్సాప్‌లో ముక్కూ మొహం తెలియని గొంతు విని బయల్దేరారు?

స్టేడియంలో పొద్దున నడిచేవాళ్లు కూడా ఇప్పుడు పక్కనున్నవాళ్లతో మాట్లాడటం మానేశారు. ఫోనే ఎన్ని కిలోమీటర్లయిందో చెబుతుంది, ఇంకా ఎన్ని అడుగులు బాకీ ఉన్నామో గుర్తు చేస్తుంది. రోజుకు పదివేల అడుగులు అనే అంకె, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పుట్టిందని చెబుదామని ఒకాయన పక్కన నడిచాను. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి.

చివరగా ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. నోటిని రిటైర్ చేశాక అది చేసే కొన్ని చిల్లర పనులకు ప్రత్యామ్నాయం ఇంకా దొరకలేదు. ఇప్పుడు మోసగాళ్లు కొడుకు గొంతును ఏఐతో తయారుచేసి తల్లులకు ఫోన్లు చేస్తున్నారు. మా వీధి చివర పెద్దామెకు అలాంటి ఫోనే వచ్చింది. గొంతు అచ్చం హైదరాబాదులో ఉన్న కొడుకుదే. "అమ్మా, నేను ఒక ప్రమాదంలో చిక్కుకున్నాను. దయచేసి వెంటనే యాభై వేల రూపాయలు పంపించగలవా?" అంది. ఆమె కంగారు పడలేదు, ఏడవలేదు. కళ్లజోడు సర్దుకుని అడిగింది:

"ఎవుడ్రా నువ్వు? మా వోడు డబ్బులడిగేటప్పుడు ఇంత మర్యాదగా ఏనాడన్నా మాట్లాడినాడా?"